హార్బర్ అనే క్రియాపదమూ, పిట్టకు పెట్టిన అవ్వా

మీకు హార్బర్ అంటే ఓడరేవు. విశాఖపట్నం పోయినప్పుడు చూసి, దాని ముందు నిలబడి ఫోటో దిగి వచ్చి ఉంటారు. నేను మాత్రం సముద్రం మొహం ఎరుగని జనగామలో, మానుకోటలో, చిట్యాలలో ఆ మాటతోనే ఉద్యోగం వెలగబెట్టాను. ఇంగ్లీషులో దాన్ని క్రియగా కూడా వాడతారని, ఆ క్రియ చేసినవాళ్ళను జైల్లో వేస్తారని మా వైపు జనానికి తెలియజెప్పిన మహానుభావుల్లో నేనూ ఒకణ్ణి. జీతం తీసుకున్నదే అందుకు.

ఈ మధ్య మా వీధిలో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు వచ్చి, "తాతా, గీ హార్బర్‌ను వర్బుగ ఎట్ల వాడుతరు? జర చెప్పరాదూ" అని అడిగారు. గైడు పుస్తకంలో ఒక్క అర్థమే ఇచ్చారట. అడిగారు కాబట్టి ఇక అనుభవించండి.

ఓడను రేవులో భద్రంగా నిలిపితే హార్బర్ చేసినట్టు. మనసులో పగ పెట్టుకున్నా అదే మాట. అనుమానం, ఆశ, చెడ్డ ఆలోచన, ఏది లోపల దాచి పెంచుకున్నా అదే. పాత గోడ దోమలను హార్బర్ చేస్తుంది, అడవి పులిని చేస్తుంది, కుక్క ఒంటి మీది బొచ్చు గోమార్లను చేస్తుంది. ఇంగ్లండులో వేటగాళ్ళు అడుగుజాడలు పట్టుకుని జింక పడుకునే చోటు కనిపెట్టడాన్ని కూడా ఆ మాటతోనే చెప్పేవారట. ఇక మన మిలటరీ సంగతి. లారీలు ఆపి ఒక ఊరి బయట మకాం వేస్తే "ఇక్కడ హార్బర్ చేశాం" అని రాసుకునేవారు. ఊరివాళ్ళ కోళ్ళు కోసుకుని, ఊరివాళ్ళ మంచాల మీద పడుకుని వెళ్ళిపోయినా అది ఉత్త మకామే. అదే ఊరి మనిషి ఇంకొకణ్ణి తన అరుగు మీద పడుకోనిస్తే నేరం. దానికీ దీనికీ ఒకే మాట. ఇంత బేషరమ్ మాటను నేను ఏ భాషలోనూ చూడలేదు.

చట్టంలో దాని అర్థం మరీ ఉదారమైనది. పోలీసులు వెతుకుతున్న మనిషికి ఇల్లు, అన్నం, నీళ్ళు, బట్ట, పైసలు, బండి, వీటిలో ఏదిచ్చినా హార్బర్ చేసినట్టే. మొగుడికి పెళ్ళాం పెడితే మాత్రం నేరం కాదు, పెళ్ళానికి మొగుడు పెట్టినా కాదు. తల్లికి ఆ మినహాయింపు లేదు. ఆ చట్టం రాసిన తెల్లవాళ్ళను తల్లులు కాకుండా ఎవరు పెంచారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నా ఉద్యోగం కోర్టులో తర్జుమా చెయ్యడం. నిజాం కాలంలో ఆ పనివాణ్ణి ముతర్జిం అనేవారు. నేను ఉర్దూలో చదువుకున్నాను. జనగామలో ఒక పాస్టరు గారి పుణ్యాన ఇంగ్లీషు నేర్చుకున్నాను. పోలీసు యాక్షన్ అయ్యాక రజాకార్లు పోయారు, నిజాం మీద, భూస్వాముల మీద తిరగబడిన సంఘం వాళ్ళ మీద వేట మాత్రం ఆగలేదు. మొన్నటిదాకా ఉర్దూలో జైలుకు పంపిన సర్కారు ఇంగ్లీషులో పంపడం మొదలుపెట్టింది. ఇంగ్లీషు వచ్చిన స్థానికులు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది కావడంతో నాలాంటి కుర్రవాణ్ణి పిలిచి కుర్చీ వేశారు. మా ఊళ్ళో నన్ను చూసి మురిసిపోయారు. ఎలాంటి పనికి మురిసిపోయారో తర్వాత నాకు తెలిసింది.

మాది తిరుగుడు కోర్టు. జనగామలో కొన్నాళ్ళు, మానుకోటలో కొన్నాళ్ళు, అడవి అంచున చిట్యాలలో కొన్నాళ్ళు. మా మేజిస్ట్రేటు తమిళదేశం నుంచి వచ్చినవాడు. తెలుగు ముక్క రాదు. ఇంగ్లీషు మాత్రం మడత నలగని చొక్కాలా మాట్లాడేవాడు. జింకల వేట సంగతి నాకు చెప్పింది ఆయనే, చాలా సంతోషంగా చెప్పాడు. ఆయన కింద కోస్తా నుంచి వచ్చిన హెడ్ గుమాస్తా ఉండేవాడు. ఎక్కడికి పోయినా ఒక డిక్షనరీ చంకలో పెట్టుకుని తిరిగేవాడు. నా తెలుగు వింటే ఆయన చెవులు మూసుకునేవాడు.

"ఏవిటయ్యా ఆ భాష? సగం తురకం, సగం మోటు. హార్బర్ అంటే ఆశ్రయమొసగుట. అలా తర్జుమా చెయ్యి. కోర్టు మర్యాద అని ఒకటుంటుంది" అనేవాడు.

సరే అని మానుకోటలో ఒక రైతును అలాగే అడిగాను. "నువ్వు నేరస్తునికి ఆశ్రయమొసగితివా?" అని.

ఆ రైతు నా వైపు జాలిగా చూశాడు. "గదేందో నాకెర్క లేదు సారూ. మా ఇంట్ల గసొంటిది లేదు" అన్నాడు.

"అన్నం పెట్టినవా?"

"ఓ, పెట్టిన. ఆకలైతాందని వాకిట్ల నిలవడితే పెట్టకుంట ఎట్లుంటం? మీరు మా ఇంటికొస్తే మీకు పెట్టనా?"

అంతే, శిక్ష పడింది. ఎవరు, ఏ ఊరు అని అడగకుండా ముందు కాళ్ళకు నీళ్ళిచ్చి, జొన్నరవ్వతో వండిన గటక పోయడం మా వైపు పద్ధతి. తిన్న తర్వాతే ఎవరి బిడ్డవని అడుగుతారు. ఇంగ్లీషువాడి చట్టం ప్రకారం ఆ తాలూకాలో నేరం చెయ్యని ఇల్లు ఒక్కటీ లేదు. బీడీకి నిప్పిచ్చినవాడు, బావి దగ్గర బొక్కెన ఇచ్చినామె, దారి అడిగితే చెయ్యి చూపించినవాడు, అందరూ మా ముందుకు వచ్చారు. సంఘం వాళ్ళను నిజంగా దాచినవాళ్ళూ వచ్చారు. వాళ్ళు మాత్రం తల ఎత్తుకుని "పెట్టినం, మల్ల పెడ్తం" అనేవారు. వాళ్ళను చూస్తే నాకు లోపల ఎంతో గౌరవం ఉండేది. మేజిస్ట్రేటు మాత్రం వాళ్ళనూ వీళ్ళనూ ఒకే తీరుగా పంపేవాడు. చేతికి అందిన మాట ఒక్కటే, దాంతోనే అందరినీ కొట్టాడు.

ఇప్పుడు చిట్యాల క్యాంపు సంగతికి వస్తాను. నేటి చెల్పూరు దగ్గర కరెంటు తయారుచేసే కేంద్రం పొగగొట్టాలు మైళ్ళ దూరానికి కనిపిస్తాయి కదా, అప్పట్లో భూపాలపల్లి దాకా ఆ దిక్కంతా అడవే. చిట్యాలలో ఒక ప్రయాణికుల బంగళాలో మా కోర్టు. వరండాలో బల్ల, బల్ల వెనక మేజిస్ట్రేటు, ముందు ఆవరణలో కటకటాల బదులు కట్టిన తాళ్ళు. అక్కడి క్యాంపు పోలీసులకు పెద్ద ఒక ఇన్‌స్పెక్టరు. ఆయనా కోస్తా మనిషే. బూట్లు ఎంత మెరిసేవంటే, మాట్లాడుతూ వాటిలోనే తన మొహం చూసుకునేవాడు.

ఆ రోజు ఒక అవ్వను తెచ్చారు. అడవి అంచు ఊరు, గొర్లకాపరుల ఇల్లు. తెచ్చిన కానిస్టేబులు నడివయసువాడు, మానుకోట వైపు మనిషి. నిజాం కొలువులో ఉండి ఈ సర్కారులోనూ కొనసాగుతున్నవాడు. నేను అన్నా అని పిలిచేవాణ్ణి. ఎప్పుడూ వచ్చి బీడీ తాగుతూ ముచ్చట పెట్టేవాడు, ఆ రోజు మాత్రం నా వైపు చూడనే లేదు.

నేరం షరా మామూలే, హార్బర్. ఆమె కొడుకు గొర్లు కాసేవాడు. అడవిలో ఉన్న సంఘం దళానికి ఉత్తరాలు, తిండి మోస్తున్నాడని అతని మీద కేసు. అతను పరారీలో ఉన్నాడని పోలీసుల మాట. ఊరవతల బండ మీద ఆమె ఒక విస్తరిలో జొన్న గటక, ఎండు చేపల కూర, పక్కన కల్లు బుంగ, బీడీలు, అగ్గిపెట్టె పెట్టి, తుప్పల చాటున దాక్కుని ఎదురుచూస్తుండగా పట్టుకున్నారు. అడవిలోని కొడుక్కి రహస్యంగా భోజనం అందిస్తోందని ఇన్‌స్పెక్టరు వాదన. సాక్ష్యంగా ఖాళీ బుంగ, ఖాళీ అగ్గిపెట్టె బల్ల మీద పెట్టారు.

"కల్లు ఏమైంది?" అని మేజిస్ట్రేటు అడిగాడు.

"పులిసిపోయింది సార్, పారబోశాం" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

పారబోసింది ఎవరి గొంతులోనో ఆవరణలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. బీడీలు కూడా పులిసిపోయాయేమో, అవీ లేవు.

మా వైపు పుట్టినవాళ్ళకు ఈ పాటికి అర్థమై ఉంటుంది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మనిషి పోయిన మూడో రోజున పిట్టకు పెడతారు. పోయినవాడికి ఏది ఇష్టమో అదే వండి, విస్తరిలో పెట్టి, కల్లు తాగేవాడైతే కల్లు, బీడీ తాగేవాడైతే బీడీ పక్కన ఉంచి, అందరూ దూరంగా చాటుకు పోతారు. మనుషులు కనిపిస్తే పిట్ట రాదు కదా. కాకి వచ్చి ముట్టిందా, పోయినవాడు తృప్తిపడ్డట్టు. ముట్టలేదా, అతనికి ఏదో కోరిక మిగిలినట్టు. అప్పుడు ఇంటివాళ్ళు ఒక్కొక్కరే ముందుకు వచ్చి, నీ పిల్లలను చూసుకుంటాం, నీ ఎద్దును అమ్మం, అని మాట ఇస్తారు. సరైన మాట పడ్డాక పిట్ట ముడుతుంది. అవ్వ తుప్పల చాటున దాక్కున్నది అందుకు. ఆ పిట్ట ముట్టకముందే బూట్లు వచ్చి పడ్డాయి.

నేను నేరం చదివి వినిపించి, "ఏమంటవు అవ్వా?" అని అడిగాను.

"నా కొడుకు సచ్చిపోయిండు బిడ్డా. సచ్చినోనికి పిట్టకు పెట్టిన. గండ్ల నేరమేముంది?"

తర్జుమా చేశాను. మేజిస్ట్రేటు పెన్ను ఆపాడు. ఇన్‌స్పెక్టరు మొహం బూట్ల మీది నుంచి పైకి లేచింది.

"అబద్ధం సార్. వాడు పరారీలో ఉన్నాడు. చచ్చాడని దీనికి ఎవరు చెప్పారో అడగండి" అన్నాడు.

అడిగాను.

"ఎవలు చెప్పాలె? వాగు దిక్కు తుపాకులు పేలినయి. పొద్దుగూకే యాల్లకు గొర్లొచ్చినయి, కుక్కొచ్చింది, వాడు రాలె. కుక్క ఒంటి నిండ నెత్తురు. కడిగి చూస్తె దానికి యాడ దెబ్బ లేదు. ఇంక ఎవలు చెప్పాలె నాకు?"

ఆ మాటలు ఇంగ్లీషులో చెబుతూ మధ్యలో రెండుసార్లు ఆగాను. మేజిస్ట్రేటు గ్లాసు నా వైపు జరిపాడు. మంచినీళ్ళ విషయంలో చాలా దయగల మనిషి.

అప్పుడు హెడ్ గుమాస్తా లేచాడు. శాస్త్రం తనకు తెలుసుననీ, ఒక మాట మనవి చేస్తాననీ అన్నాడు. పోయినవాళ్ళకు పిండం పెడతారు గానీ, ఎండు చేపలు, కల్లు, బీడీలు పెట్టడం ఏ శాస్త్రంలోనూ లేదట. కాబట్టి ఇది కర్మ కాదు, సాక్షాత్తూ భోజన సరఫరా అట. తన తండ్రి పోయినప్పుడు కాకి కోసం ఆయన కూడా ఎండలో నిలబడి ఎదురుచూసే ఉంటాడు. ఆ మాట ఆయనకు గుర్తుందని ఆయన మొహంలోనే తెలుస్తోంది. అయినా తన కాకి శాస్త్రం, మా కాకి నేరం. చదువుకున్న మనిషి ఇంత నీచంగా ఆలోచించగలడని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఏమంటున్నడు బిడ్డా ఆ సారు?" అని అవ్వ అడిగింది.

"చేపలు, కల్లు పెట్టరు అంటున్నడు అవ్వా."

"నా కొడుకు గవే తింటడు, గదే తాగుతడు. ఆ సారు తినేటియి వెడ్తే నా కొడుకెట్ల తింటడు?" అని, కాస్త ఆగి మళ్ళీ అంది. "బతికున్న కొడుక్కు పిట్టకు వెట్టే తల్లి ఏడనన్న ఉంటదా? దొరనడుగు. ఆయన తల్లి వెడ్తదా?"

నేను తర్జుమా చేసిన ఆ ప్రశ్నను మేజిస్ట్రేటు రాసుకోలేదు. రాసుకుని ఉంటే పెద్ద చిక్కే. కొడుకు పోయాడని ఆయన ఒప్పుకుంటే, పోయినవాణ్ణి ఎవరూ హార్బర్ చెయ్యలేరు, కేసు అక్కడికక్కడ పోతుంది. అది పోతే పోనీ. కానీ పోయినవాడు ఎట్లా పోయాడు, శవం ఏది అనే ప్రశ్న ఇన్‌స్పెక్టరు మెడకు చుట్టుకుంటుంది. అందుకని మేజిస్ట్రేటు ఒక తెలివైన మార్గం కనిపెట్టాడు. ఆమె మొగుడు ఎప్పుడో పోయాడు కదా, ఆ విస్తరి మొగుడికి పెట్టానని చెబితే ఇప్పుడే వదిలేస్తానని, ఆ మాట ఆమెకు నచ్చజెప్పమని నాతో మెల్లగా అన్నాడు. ఇన్‌స్పెక్టరు వెంటనే తల ఊపాడు. హెడ్ గుమాస్తా మెచ్చుకోలుగా నవ్వాడు. అందరికీ ఇంటికి పోయే దారి దొరికింది.

నేను చెప్పాను. అవ్వ నన్ను ఎగాదిగా చూసింది.

"మొగనికి ఎన్నడో వెట్టిన, ఆయన తిని పోయిండు. గిది నా కొడుకుది. నేను ఇంకోలదని చెప్తే వాడు ఆకలితోటే తిరగాలె గద. నాకు ఇడుపు వద్దు బిడ్డా. వానికి మల్ల పెట్టనియ్యిన్రి. తర్వాత జైల్ల ఎయ్యిన్రి, ఏమన్న జెయ్యిన్రి."

ఆమెకు కావలసింది అదొక్కటే. శిక్ష ఎంత, జైలు ఎక్కడ, ఏదీ అడగలేదు. సగంలో ఆగిపోయిన విస్తరి ఆమె గుండెలో గడ్డకట్టి కూర్చుంది. మేజిస్ట్రేటు విసుగ్గా చేతి గడియారం చూసుకుని, భోజనాల తర్వాత చూద్దామని లేచాడు.

ఇక్కడ మేజిస్ట్రేటు గారి భోజనం గురించి ఒక మాట చెప్పాలి. ఆయన ఇంటి ఆచారం ప్రకారం కాకికి పెట్టకుండా అన్నం ముట్టడు. ప్రతి మధ్యాహ్నం ఆయన వంటవాడు నెయ్యి కలిపిన అన్నం ముద్ద తెచ్చి బంగళా ప్రహరీ మీద పెట్టి, కావు కావుమని పిలిచేవాడు. చిట్యాల కాకులన్నీ ఆ వేళకు ముందే వచ్చి గోడ మీద వరుసగా కూర్చునేవి. ఆ రోజూ వంటవాడు వచ్చాడు, ముద్ద పెట్టాడు, పిలిచాడు. కాకులు ఎగబడ్డాయి. మేజిస్ట్రేటు వరండాలో చెయ్యి కడుక్కుంటూ సంతృప్తిగా చూస్తున్నాడు.

తాళ్ళ పక్కన కూర్చున్న అవ్వ అదంతా చూసింది.

"దొర వెడ్తే పున్నెం, నేను వెడ్తే నేరమా?" అంది. గట్టిగా ఏమీ అనలేదు, మామూలుగానే అంది.

కోర్టు లేచిపోయింది కాబట్టి నేను తర్జుమా చెయ్యనక్కర్లేదు. కానీ చేశాను. మేజిస్ట్రేటు చెంబు పట్టుకున్న చెయ్యి అలాగే నిలిచిపోయింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. సిగ్గుపడ్డాడని మీరు అనుకోకండి, నలుగురిలో దొరికిపోయినందుకు కోపం అది. ఏమైతేనేం, "సరే, పెట్టుకోమను. ఇక్కడే, మా ముందే" అనేసి లోపలికి పోయాడు.

మా కోర్టు చప్రాసిని అందరూ చాచా అని పిలిచేవారు. గడ్డం నెరిసిన ముసల్మాను, ఉర్దూ కోర్టులో పుట్టి పెరిగినట్టే ఉండేవాడు. కొత్త అధికారులు ఆయనను చూస్తే రజాకారును చూసినట్టే చూసేవారు. ఆయన నా దగ్గరికి వచ్చి, "బేటా, అవ్వకు ఏమేం గావాల్నో అడుగు, నేను తెస్త" అన్నాడు. కల్లు గీసే గౌండ్ల ఇంటికి తనే పోయి, కల్లు ముట్టడం తన ఆచారం కాకపోయినా కల్లు బుంగ తన చేత్తోనే మోసుకొచ్చాడు. ఎండు చేపలు అంగట్లో దొరికాయి. బంగళా వెనక మూడు రాళ్ళు పెట్టి అవ్వ తనే వండింది. వాసన వరండా దాకా వచ్చింది. హెడ్ గుమాస్తా ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

అవ్వ ప్రహరీ దగ్గర విస్తరి పెట్టింది. గటక, కూర, కల్లు, బీడీ. పెట్టి, వెనక్కి నడిచి మా దగ్గరికి వచ్చి నిలబడింది. మేజిస్ట్రేటు భోజనం ముగించి వరండాలోకి వచ్చాడు. ఇన్‌స్పెక్టరు స్తంభానికి ఆనుకున్నాడు. అందరం గోడ వైపే చూస్తున్నాం.

కాకులు దిగలేదు. అప్పుడే నెయ్యన్నం తిని ఉన్నాయి, వాటికి తొందరేముంది అని నా బుద్ధి చెబుతోంది. కానీ అక్కడ నిలబడ్డవాళ్ళు ఎవరూ బుద్ధితో చూడటం లేదు.

అవ్వ రెండడుగులు ముందుకు వేసింది.

"గొర్లను మందల కలిపిన కొడుకా. ఒక్క దాన్ని గూడ అమ్మ" అంది.

ఒక కాకి తల తిప్పి చూసింది, కదల్లేదు.

"కుక్క మంచిగనే ఉన్నది. ఇప్పుడిప్పుడే మెతుకు ముడుతాంది. దాన్ని మంచిగ అరుసుకుంట."

కాకి రాలేదు. అవ్వ ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది.

"వాడేమడుగుతాండో నాకు తెల్సింది సారూ. తనను ఏడ పండవెట్టిన్రో నాకు చెప్పుమంటాండు. గది చెప్పుండ్రి. చెప్తే గని ముట్టడు."

"డ్రామా" అన్నాడు ఇన్‌స్పెక్టరు. అని నవ్వాడు. ఆ నవ్వు ఎవరికీ అంటుకోలేదు.

చాచా తల మీద రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. అప్పుడు నా వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"వాగు అవుతలి ఒడ్డు, ఇప్పచెట్టు కింద. నేనే తవ్విన అవ్వా. తల తూర్పుకు వెట్టిన. గొంగడి కప్పిన."

ఆమెను తెచ్చిన కానిస్టేబులే. నేను అన్నా అని పిలిచే మనిషి. పెళ్ళాం పిల్లలు ఉన్నవాడు, రెండు సర్కార్ల కింద నోరు మూసుకుని బతుకు నెట్టుకొచ్చినవాడు. లాఠీ పట్టుకుని నిటారుగా నిలబడి ఉన్నాడు.

మేజిస్ట్రేటు నా వైపు చూసి, "ఏమంటున్నాడు?" అని ఇంగ్లీషులో అడిగాడు.

హెడ్ గుమాస్తా నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "చెప్పకు. నీకెందుకు? ఏదో కర్మకాండ గురించి అంటున్నాడను. నీ ఉద్యోగం చూసుకో" అని చెవిలో గొణిగాడు. ఇన్‌స్పెక్టరు నన్ను చూస్తున్న చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

నేను నా ఉద్యోగమే చూసుకున్నాను. నా ఉద్యోగం తర్జుమా. వాగు, ఇప్పచెట్టు, తవ్వినవాడు, తూర్పు, గొంగడి, ఒక్క ముక్క వదలకుండా, ఆవరణ అంతా వినిపించేలా ఇంగ్లీషులో చెప్పాను. ఆ తర్జుమాకు మెచ్చి నన్ను మానుకోటలో బూజు పట్టిన రికార్డు గదికి పంపారు, అది తర్వాతి ముచ్చట.

మేజిస్ట్రేటు అంతా విన్నాడు. విని, ఏమన్నాడో చెబితే మీరు నమ్మరు. "ఇప్పుడు కోర్టు నడవడం లేదు కదా" అన్నాడు. అంటే, కోర్టు నడవనప్పుడు చెవిన పడింది విన్నట్టు కాదట. అలాంటి చెవులు పెట్టుకుని ఆయన ఇంకా చాలా ఏళ్ళు న్యాయం చెప్పాడు, పెద్ద పదవులకు కూడా పోయాడు. ఆ క్షణంలోనే హెడ్ గుమాస్తాను పిలిచి, ఈ కేసును పోలీసులు నడపదలచుకోలేదని రాసుకోమన్నాడు. కొడుకు పరారీ అన్న మాట మాత్రం తీసెయ్యనివ్వలేదు. మట్టిలో ఉన్నవాణ్ణి పరారీలో ఉంచిన తెలివికి ఇంగ్లీషులో ఏ క్రియ ఉందో మీ గైడు పుస్తకంలో వెతుక్కోండి.

అవ్వ ఇవేవీ పట్టించుకోలేదు. ఆమె చూపు విస్తరి మీదే ఉంది. గోడ మీది కాకి ఒకటి కిందికి దిగింది. అటు గెంతింది, ఇటు గెంతింది, కల్లు బుంగ చుట్టూ తిరిగింది. చేప ముక్కను ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది.

"ముట్టిండు" అంది అవ్వ. కొంగుతో మొహం తుడుచుకుంది. తిన్నగా ఇన్‌స్పెక్టరు ముందుకు వచ్చి నిలబడింది. "ఇగ నడువున్రి సారూ. జైలు ఎటు దిక్కు?"

ఇన్‌స్పెక్టరు మేజిస్ట్రేటు వైపు చూశాడు. మేజిస్ట్రేటు అప్పటికే లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. "కేసు లేదు. ఫో, ఇంటికి ఫో" అన్నాడు ఇన్‌స్పెక్టరు, బూట్ల వైపు చూస్తూ.

అవ్వ ఇంటికి పోలేదు. కానిస్టేబులు దగ్గరికి పోయి అతని చెయ్యి పట్టుకుంది.

"నడువు కొడుకా. చూపెట్టు" అంది.

అతను టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. చేతిలోని లాఠీని చాచాకు ఇచ్చి, గేటు తీసుకుని వాగు దిక్కు నడిచాడు. అవ్వ వెనకాలే పోయింది. ఇన్‌స్పెక్టరు పేరు పెట్టి పిలిచాడు, నంబరు పెట్టి పిలిచాడు, తిట్టాడు. అతను వెనక్కి తిరిగి చూడలేదు.